వెన్నుపూస జరిగిందంటే నమ్మాలా? కైరోప్రాక్టిక్ మీద పరిశోధన ఏం తేల్చింది

మీ ప్రశ్న సారాంశం ఇదీ: నాలుగు వారాలుగా నడుం నొప్పి. ఎంఆర్ఐ రిపోర్టులో ఎల్4-ఎల్5 (నాలుగు, ఐదు నడుము పూసలు) దగ్గర డిస్క్ బల్జ్, అంటే పూసల మధ్య డిస్కు అంచు ఉబ్బిందని ఉంది. కైరోప్రాక్టర్ (వెన్నునీ కీళ్లనీ చేత్తో నెట్టి చికిత్స చేసేవారు) ఎక్స్-రే తీయించి, పూస పక్కకి జరిగిందనీ, 24 సిట్టింగుల్లో సెట్ చేస్తాననీ, పనిలో పనిగా మెడ కూడా చేస్తాననీ అన్నారు. పూస నిజంగా జరుగుతుందా, పరిశోధన ఏమంటోంది, మెడ తిప్పించుకుంటే ప్రమాదమా, ఫిజియో, ఆర్థో, కైరో ముగ్గురిలో ఎవరి దగ్గరికి వెళ్లాలి అని అడిగారు.

దీని మీద వాదించుకునేవాళ్లు రెండు సంగతుల్ని కలిపేస్తుంటారు. చేత్తో చేసే ఆ చికిత్సకి నొప్పి తగ్గుతుందా అన్నది ఒకటి. ఎందుకు తగ్గుతుందో చెప్పే కారణం నిజమా అన్నది రెండోది. నడుం నొప్పి విషయంలో మొదటిదానికి జవాబు: కొందరికి, కొంత మేరకు తగ్గుతుంది. రెండోదానికి జవాబు: మీకు చెప్పిన కారణం తప్పు. కారణం తప్పని తేలింది కాబట్టి చికిత్సంతా బూటకమనేవాళ్లూ, నొప్పి తగ్గింది కాబట్టి పూస జరిగిన మాట నిజమేననేవాళ్లూ ఇద్దరూ పొరబడుతున్నారు. ఈ రెండూ విడదీసి చూస్తే మీ మిగతా ప్రశ్నలు తేలిక.

ముందు వెన్నెముక కట్టుబడి కాస్త చూడాలి. కదిలే పూసలు 24: మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5. పక్కపక్కనున్న ఏ రెండు నడుము పూసలైనా మూడు చోట్ల కలుస్తాయి. ముందువైపు డిస్కు, వెనకవైపు కుడి ఎడమల్లో చెరో ఫాసెట్ కీలు. ఇవి కాక ముందూ వెనకా పొడుగునా లిగమెంట్లు, వాటి పైన పొరలు పొరలుగా కండరాలు. డిస్కు మధ్యలో నీరు ఎక్కువగా ఉండే మెత్తటి గుజ్జు ఉంటుంది, దాని చుట్టూ ఏటవాలుగా అల్లుకున్న పీచు వలయాలు. ఆ వలయాల బయటి భాగంలోనే నొప్పి తెలిపే నరాల కొసలు ఉంటాయి. వయసుతో గుజ్జులో నీరు తగ్గి డిస్కు కాస్త పల్చబడుతుంది, అంచు కాస్త ఉబ్బుతుంది. వెన్నుపాము నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ముగుస్తుంది. అక్కణ్ణుంచి కిందకి విడివిడి నరాల కట్టే ఉంటుంది, దాన్నే కాడా ఈక్వినా అంటారు. ఈ పేరు గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని పడుతుంది.

ఇంత బిగుతుగా కట్టి ఉన్న పూస దానంతటది పక్కకి జరిగి, చేత్తో ఒక్క నెట్టుకి మళ్లీ లోపలికి వెళ్లడం జరగని పని. పూస జరగడం అనే జబ్బు నిజంగానే ఉంది, దాని పేరు స్పాండిలోలిస్థెసిస్. ఎక్కువగా ఐదో నడుము పూస త్రికం (నడుము పూసల కింద ఉండే ఎముక) మీద, లేదా నాలుగోది ఐదోదాని మీద ముందుకి జారుతుంది. పక్క నుంచి తీసిన ఎక్స్-రేలో ఎంత జారిందో కొలిచి, 25 శాతానికి ఒక మెట్టు చొప్పున గ్రేడు వేస్తారు. అది చేత్తో నెట్టితే వెనక్కి రాదు. రిపోర్టులో ఆ పేరు గానీ, దెబ్బ తగిలి కీలు తప్పిందన్న మాట గానీ లేకపోతే మీ పూస ఉన్నచోటే ఉంది.

మరి ఎక్స్-రేలో వంకర చూపించారే అంటారు. నిలబడేటప్పుడు తుంటి కొద్దిగా తిరిగినా, బరువు ఒక కాలి మీద పడినా ఫిల్ములో పూస ముల్లు (పూస నుంచి వెనక్కి పొడుచుకొచ్చే కొన) పక్కకి కనిపిస్తుంది. ఆ ముల్లు పుట్టుకతోనే కాస్త వంకరగా ఉండేవాళ్లూ బోలెడు మంది. బోర్లా పడుకోబెట్టి ఒక కాలు పొట్టిగా ఉందని చూపించడం కూడా ఇలాంటిదే. మడమలు పట్టుకున్న చెయ్యి ఎటు కాస్త నెట్టితే కొలత అటు మారుతుంది. వేళ్లతో తడిమి ఏ పూస బిగుసుకుందో చెప్పే పరీక్షను ఇద్దరు అనుభవజ్ఞుల చేత ఒకే మనిషి మీద చేయించి చూస్తే వాళ్ల జవాబులు కలవవు. ఇది చాలా అధ్యయనాల్లో మళ్లీ మళ్లీ తేలింది. నొక్కితే ఎక్కడ నొప్పి పుడుతోందన్న విషయంలో మాత్రం ఇంతకంటే బాగా కలుస్తాయి.

నేరుగా కొలిచిన అధ్యయనం కూడా ఉంది. 1998లో ట్యుల్‌బెర్గ్ బృందం పదిమంది రోగుల తుంటి ఎముకల్లో సన్నటి లోహపు గుళ్లు అమర్చి, తుంటి ఎముక త్రికంతో కలిసే సాక్రోఇలియాక్ కీలుకి మానిప్యులేషన్ (చేత్తో నెట్టే ఈ చికిత్స) చేయకముందు, చేశాక స్టీరియో ఎక్స్-రేతో కొలిచింది. చేసినవాళ్ల చేతి పరీక్షలు కీలు సర్దుకుందని చెప్పాయి. కొలతల్లో ఎముక స్థానం మారలేదు.

ఈ పూస జరిగే సిద్ధాంతం ఎక్కడిదంటే, 1895 సెప్టెంబరులో అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్టులో డేనియల్ డేవిడ్ పామర్ అనే అయస్కాంత వైద్యుడు హార్వే లిలార్డ్ అనే పారిశుద్ధ్య పనివాడి వీపు మీద నొక్కి, అతని చెవుడు పోయిందని ప్రకటించాడు. పూసలు స్థానం తప్పి నరాల్లో ప్రవహించే ప్రాణశక్తికి అడ్డుపడటమే దాదాపు అన్ని రోగాలకీ మూలమన్నాడు. దానికి సబ్లక్సేషన్ అని పేరు పెట్టాడు. వైద్యంలో ఆ మాటకి కీలు పాక్షికంగా తప్పడం అనే కచ్చితమైన అర్థం ఉంది, ఎక్స్-రేలో కనబడేది. కైరోప్రాక్టిక్‌లో వాడేది అది కాదు. బ్రిటన్‌లో ఈ వృత్తిని నియంత్రించే జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిలే 2010లో, సబ్లక్సేషన్ చారిత్రక భావన మాత్రమేననీ, జబ్బులకి అదే కారణమనడానికి పరిశోధనా ఆధారం లేదనీ చెప్పింది. అంటే వృత్తి లోపలే రెండు పాయలున్నాయి. ఒక పాయ వెన్ను, కీళ్లు, కండరాల నొప్పుల వరకే ఉండి పరిశోధనని పట్టుకు నడుస్తుంది. ఇంకో పాయ ఇప్పటికీ పామర్ మాటనే పట్టుకుంది. మీకు తగిలిన కైరోప్రాక్టర్ ఏ పాయలో ఉన్నారో ఎక్స్-రే చూపించి మాట్లాడిన తీరే చెబుతోంది.

ఇక ఆ బల్ల మీద నిజంగా జరిగేదేంటో దగ్గర నుంచి చూద్దాం. నడుముకైతే మిమ్మల్ని పక్కకి తిప్పి పడుకోబెడతారు. పైకాలు మోకాలి దగ్గర మడిచి, పాదాన్ని కింది కాలి మోకాలి వెనక ఆనిస్తారు. కింది చెయ్యి పట్టి కొద్దిగా లాగితే ఛాతీ పైకి తిరుగుతుంది, నడుము మెలిపడుతుంది. చికిత్స చేసే మనిషి ఒక చేత్తో మీ భుజాన్ని ఆపి, రెండో చేతి మణికట్టు దగ్గర చిటికెన వేలి వైపు ఉండే చిన్న ఎముకను గానీ ముంజేతిని గానీ నడుం కింది భాగం మీద ఆనిస్తారు. ముందు మెల్లగా నొక్కి కీలులో మిగిలిన కాస్త సడలింపూ తీసేస్తారు. సరిగ్గా ఆ చివర ఒక చిన్న వేగమైన నెట్టు. అది మొత్తం 100 నుంచి 200 మిల్లీసెకన్లలో అయిపోతుంది. మీరు కావాలని కండరం బిగించేలోపే ముగుస్తుందన్నమాట. వీపు మీదా తుంటి మీదా కొలిచినప్పుడు బలం 300 నుంచి 400 న్యూటన్ల దాకా, అంటే 30-40 కిలోల బరువు పెట్టినంత వచ్చింది. మెడ మీద 100 న్యూటన్ల చుట్టుపక్కల.

ఆ టక్కుమన్న చప్పుడు ఎముక కూర్చున్న చప్పుడు కాదు. కీలు ఉపరితలాలు ఒక్కసారిగా విడిపడినప్పుడు లోపలి ద్రవంలో పీడనం పడిపోయి వాయువు ఖాళీ ఏర్పడుతుంది. వేలి కణుపు విరిచినా ఇదే. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు వేళ్లు లాగుతూ ఎంఆర్ఐలో వీడియోలా తీసి, చప్పుడు వచ్చిన క్షణంలోనే ఆ ఖాళీ పుట్టడం చూపించారు. చప్పుడు ఖాళీ పుట్టడం వల్లనా, కొంత కుంచించుకుపోవడం వల్లనా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. ఒకసారి విరిచిన కీలు దాదాపు 20 నిమిషాల దాకా మళ్లీ చప్పుడు చేయదు. ఇంకో సంగతి: 2004లో రాస్, బెరెజ్నిక్, మెక్‌గిల్ వీపు మీద సెన్సర్లు పెట్టి చప్పుడు ఏ కీలు నుంచి వస్తోందో పట్టుకున్నారు. నడుములో అనుకున్న చోటికీ అసలు చోటికీ సగటున 5 సెంటీమీటర్ల తేడా, అంటే ఒక పూస అటో ఇటో. చాలాసార్లు ఒకటి కాదు, రెండు మూడు కీళ్లు మోగాయి. కాబట్టి "మీ ఎల్4ని సరిచేశాను" అనే మాటలో అంత కచ్చితత్వం లేదు. చప్పుడు రాకపోయినా ఫలితం తగ్గదు, వచ్చినంత మాత్రాన పెరగదు. చప్పుడు రాలేదని మళ్లీ మళ్లీ నెట్టేవాళ్ల దగ్గర ఆపమని చెప్పండి.

ఎముక కదలకపోతే ఉపశమనం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ వేగమైన సాగు కీలు పొరల్లో, లోతు కండరాల్లో ఉన్న గ్రాహకాల్ని కదిలిస్తుంది. ఆ సంకేతాలు వెన్నుపాములో, మెదడులో నొప్పి సంకేతాల జోరును కొంతసేపు తగ్గిస్తాయి. నొక్కితే నొప్పి పుట్టే స్థాయి కాస్త పెరుగుతుంది, బిగుసుకున్న కండరం కాస్త వదులవుతుంది. ఇది నిమిషాల నుంచి గంటల లెక్క, నెలల లెక్క కాదు. దీనికి తోడు ఓపిగ్గా వినే మనిషి, తగ్గుతుందన్న నమ్మకం, భయం పోయి మళ్లీ కదలడం. నా లెక్కలో చివరిదే అన్నిటికంటే విలువైనది. నడుం నొప్పి దీర్ఘకాలికంగా మారే దారిలో కదిలితే ఏమవుతుందో అన్న భయం పెద్ద మెట్టు. నెట్టు తర్వాత దొరికే ఆ కొద్ది గంటల సుఖంలో లేచి నడిస్తే, పనులు చేసుకుంటే లాభం నిలుస్తుంది. ఇంటికెళ్లి పడుకుంటే ఆ సుఖం కూడా వృథా.

పైగా నొప్పి తనంతట తానే తగ్గుతూ ఉంటుంది. కొత్తగా వచ్చిన నడుం నొప్పి చాలామందిలో మొదటి ఆరు వారాల్లో బాగా దిగిపోతుంది. మనిషి వైద్యం వెతికేది నొప్పి పతాక స్థాయిలో ఉన్నప్పుడు. ఆ తర్వాత ఏం చేసినా, ఏం చేయకపోయినా సగటున కిందకే వస్తుంది. ఎవరో నాకు తగ్గింది అన్నంత మాత్రాన ఏదీ రుజువు కాదు, పోలిక గుంపు ఉండాల్సిందే అనేది ఇందుకే.

పోలిక గుంపులతో చేసిన ట్రయల్స్ ఏమన్నాయంటే: కొత్త నడుం నొప్పి మీద 2017లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష 26 ట్రయల్స్ కలిపి చూసింది. ఆరు వారాల లోపు 100 పాయింట్ల నొప్పి కొలబద్ద మీద సుమారు 10 పాయింట్ల అదనపు తగ్గుదల. దీర్ఘకాలిక నొప్పి మీద 2019లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్షలో 47 ట్రయల్స్, 9,211 మంది. వ్యాయామం వంటి సిఫారసు చేసిన చికిత్సలతో పోలిస్తే మానిప్యులేషన్ ఫలితం దాదాపు సమానం. నొప్పిలో మెరుగూ కాదు, తీసిపోనూ లేదు. 2004 నాటి బ్రిటన్ బీమ్ ట్రయల్‌లో 1,334 మంది. రోజువారీ పనుల ఇబ్బంది కొలిచే 24 పాయింట్ల స్కేలు మీద, మామూలు వైద్యం మాత్రమే అందిన వాళ్లకంటే మానిప్యులేషన్ కూడా అందిన వాళ్లు మూడు నెలలకి 1.6 పాయింట్లు, ఏడాదికి 1 పాయింటు మెరుగు. వ్యాయామం కూడా జోడిస్తే మూడు నెలలకి 1.9, ఏడాదికి 1.3.

ఈ అంకెల్ని జీవితంలోకి దించి చూడండి. 100కి 60 ఉన్న నొప్పి ఎలాగూ 40కి వచ్చేదనుకుంటే, దీంతో 30కి వస్తుంది. మనిషికి తేడా స్పష్టంగా తెలియాలంటే ఆ కొలబద్ద మీద 10 నుంచి 20 పాయింట్లు కదలాలని పరిశోధకులు సాధారణంగా అంటారు. అంటే ఇది గీత దగ్గర ఊగుతోంది. ఇది సగటు లెక్క. కొందరికి చాలా, కొందరికి ఏమీ లేదు. ఎవరికి పనిచేస్తుందో ముందే కచ్చితంగా చెప్పే పరీక్ష లేదు. నొప్పి మాత్రలు కూడా ఇంతకంటే గొప్పగా ఏమీ లేవు, ఆ సంగతి కైరోప్రాక్టర్లు సరిగ్గానే ఎత్తిచూపుతారు.

ఈ ట్రయల్స్‌లో ఒక చిక్కు ఉంది. మందుకి పిండి మాత్ర ఇవ్వొచ్చు. చేతి నెట్టుకి నకిలీ తయారు చేయడం కష్టం, చేసేవాళ్లకి ఎలాగూ తెలుస్తుంది. తనకి అసలుది జరిగిందని రోగికి తెలిసిపోతే ఆశ కొంత పనిచేస్తుంది. అందుకే నకిలీ నెట్టుతో పోల్చిన ట్రయల్స్‌లో తేడా చిన్నగా, అస్థిరంగా వస్తుంది. ఏమీ చేయని గుంపుతో పోల్చినవాటిలో పెద్దగా కనిపిస్తుంది. ఎవరైనా క్లినిక్ గోడ మీద "పరిశోధనలో రుజువైంది" అని అంటిస్తే, దేనితో పోల్చారని అడగండి.

మార్గదర్శకాలు ఇదే చెబుతున్నాయి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో కొత్త నడుం నొప్పికి వేడి కాపడం, మసాజ్, ఆక్యుపంక్చర్‌ల వరసలో దీన్నీ ఒక ఎంపికగా చేర్చింది. బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2016లో, వ్యాయామంతో కలిపితేనే చేత్తో చేసే చికిత్స ఆలోచించమంది, విడిగా వద్దంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలిక నడుం నొప్పికి షరతులతో సిఫారసు చేసింది. నా అభిప్రాయంలో నైస్ మాటే ఆచరణకి దగ్గరగా ఉంది.

నొప్పుల పరిధి దాటిన వాగ్దానాలు నమ్మకండి. పిల్లల ఉబ్బసం మీద 1998లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ట్రయల్‌లో అసలు నెట్టుకీ నకిలీ దానికీ తేడా రాలేదు. రోగనిరోధక శక్తి పెరగడం, బీపీ, షుగరు, చెవి ఇన్ఫెక్షన్లు వంటివాటికి నమ్మదగ్గ ఆధారం లేదు. నెలల పిల్లల వెన్ను మీద నెట్టు పెట్టించకండి.

మీ ఎంఆర్ఐ రిపోర్టు సంగతి. 2015లో బ్రింజిక్జీ బృందం ఏ నొప్పీ లేని 3,110 మంది స్కాన్‌ల లెక్కలు కలిపి చూసింది. 20 ఏళ్లవాళ్లలో 30 శాతం మందికి, 80 ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంది. నొప్పి లేనివాళ్లలోనే ఇంత ఉన్నప్పుడు, బల్జ్ అన్న ఒక్క మాట మీ నొప్పికి కారణాన్ని తేల్చదు. అదే బల్జ్ కాకుండా గుజ్జు బయటికొచ్చి నరాన్ని నొక్కి ఉంటే, నొప్పి పిరుదు నుంచి మోకాలి కింది దాకా దిగుతుంది, తిమ్మిరో బలహీనతో తోడవుతుంది. అలా బయటికొచ్చిన గుజ్జు కూడా చాలామందిలో నెలల వ్యవధిలో శరీరమే కరిగించుకుంటుంది. మీరు కాలి నొప్పి రాయలేదు, కాబట్టి స్కాన్ కాగితాన్ని పక్కన పెట్టొచ్చు. నిజానికి ప్రమాద సూచనలేవీ లేని నడుం నొప్పికి మొదటి ఆరు వారాల్లో స్కానూ ఎక్స్-రే రెండూ అక్కర్లేదని అమెరికన్ కైరోప్రాక్టిక్ అసోసియేషన్ కూడా 2017లో చెప్పింది.

మెడ. ఇక్కడ నా సలహా కచ్చితం: నడుం నొప్పికి వచ్చిన మనిషికి మెడ మీద నెట్టు ఎందుకు? అవసరం లేదు, వద్దనండి. మెదడుకి రక్తం తీసుకెళ్లే వెర్టిబ్రల్ ధమనులు ఆరో మెడపూస నుంచి పైకి పూసల పక్క రంధ్రాల్లోంచి దూరి, మొదటి పూస దగ్గర వంపు తిరిగి పుర్రెలోకి వెళ్తాయి. తలని గట్టిగా తిప్పినప్పుడు సాగేది ఆ పై వంపే. ధమని లోపలి పొర చీలితే అక్కడ రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకి వెళ్తే పక్షవాతం. మెడ ధమనుల చీలిక మొత్తం మీద అరుదు, ఏ కారణంతోనైనా సరే ఏడాదికి లక్షలో ఇద్దరు ముగ్గురికి. 2008లో కెనడా ఒంటారియోలో క్యాసిడీ బృందం 818 కేసులు పరిశీలించింది. 45 ఏళ్ల లోపువాళ్లలో స్ట్రోక్‌కి ముందు కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లడం ఎక్కువగా కనిపించింది, అయితే మామూలు డాక్టర్ దగ్గరికి వెళ్లడం కూడా అలాగే ఎక్కువగా కనిపించింది. దాని నుంచి వాళ్లు అనుకున్నది: చీలిక ముందే మొదలై, దాని మెడ నొప్పితోనే జనం ఇద్దరి దగ్గరికీ వెళ్తున్నారని. ఇది కైరోప్రాక్టర్లకి ఊరట అని కొందరంటారు. సగమే నిజం. అప్పటికే చీలిన ధమని ఉన్న మెడని తిప్పితే గడ్డ కదలొచ్చు కదా. 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ప్రకటన కూడా, కారణమని రుజువు కాకపోయినా సంబంధం ఉందనీ, మెడ మీద చేసేముందు రోగికి ఆ మాట చెప్పాలనీ అంది.

మెడ నొప్పే ఉన్నవాళ్లకి కూడా వేరే దారి ఉంది. 2012లో 272 మంది మీద జరిగిన బ్రాన్‌ఫోర్ట్ ట్రయల్‌లో, ఒక్కోటి గంట చొప్పున రెండుసార్లు నేర్పి ఇంట్లో చేసుకోమన్న వ్యాయామాలు, 12 వారాల మానిప్యులేషన్‌తో దాదాపు సమానంగా పనిచేశాయి. ముందెన్నడూ లేని తీరులో హఠాత్తుగా మెడ లేదా తల వెనక నొప్పి, దానితో తల తిరగడం, రెండుగా కనబడటం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, నడక తూలడం, ముఖం మొద్దుబారడం, ఒక కంటి రెప్ప వాలడం - వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మెడని ఎవరి చేతా ముట్టించకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

నడుం దగ్గర తీవ్ర ప్రమాదం చాలా తక్కువ. చేయించుకున్నవాళ్లలో దాదాపు సగం మందికి ఆ రోజు చోటు సలపడం, బిగుసుకుపోవడం, అలసట ఉంటాయి, ఒకట్రెండు రోజుల్లో పోతాయి. కానీ ఎముకలు గుల్లబారినవాళ్లు, ఎక్కువకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్లు, రక్తం పల్చబడే మందుల మీద ఉన్నవాళ్లు, క్యాన్సర్ చరిత్ర ఉన్నవాళ్లు, ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్‌తో వెన్ను అతుక్కుపోయినవాళ్లు వేగమైన నెట్టు చేయించుకోకూడదు. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో మెడ మొదటి రెండు పూసల బంధం వదులుగా ఉండొచ్చు, వాళ్ల మెడ అసలు ముట్టకూడదు.

ఇక ఎవరి పని ఏంటన్నది. కైరోప్రాక్టర్ చదువుకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 మార్గదర్శకం నాలుగేళ్లలో 4,200 గంటలు అడిగింది, అందులో కనీసం 1,000 గంటలు పర్యవేక్షణలో రోగుల్ని చూడాలి. డెన్మార్క్‌లోని ఒడెన్స్‌లో ఈ విద్యార్థులు మొదటి ఏళ్లు వైద్య విద్యార్థులతో కలిసి చదువుతారు. అమెరికాలో డిగ్రీ, జాతీయ పరీక్షలు, రాష్ట్ర లైసెన్సు ఉంటాయి. అక్కడ వైద్యులు కైరోప్రాక్టర్లతో కలిసి పనిచేయకుండా అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పెట్టిన బహిష్కరణ మీద 1976లో విల్క్ అనే కైరోప్రాక్టర్ తదితరులు కేసు వేసి 1987లో గెలిచారు. అది పోటీ చట్టం కింద వచ్చిన తీర్పు. సిద్ధాంతం నిజమని కోర్టు ముద్ర వేసిందని దాన్ని చూపించడం తప్పు. చట్టబద్ధ నియంత్రణ లేని దేశాల్లో వారాంతపు కోర్సు చేసినవాళ్లూ ఆ బోర్డే పెట్టుకోగలరు, కాబట్టి ఎక్కడ, ఎన్నేళ్లు చదివారని మొహమాటం లేకుండా అడగాలి. కైరోప్రాక్టర్లు మందులు రాయడం, ఆపరేషన్ చేయడం దాదాపు ఎక్కడా వాళ్ల పరిధిలో లేదు.

ఫిజియోథెరపిస్టుల్లో శిక్షణ పొందినవాళ్లు ఇదే మానిప్యులేషన్ చేస్తారు, నెట్టు లేకుండా కీలుని మెల్లగా ఊపే మొబిలైజేషన్ కూడా చేస్తారు. అయితే వాళ్ల అసలు బలం వ్యాయామం, క్రమంగా పనిలోకి తేవడం. కండరాలన్నీ తీసేసి లిగమెంట్లతో మాత్రమే నిలబెట్టిన నడుం వెన్నెముక సుమారు 9 కిలోల బరువుకే వంగి కూలుతుందని ప్రయోగశాలలో తేలింది. మనల్ని నిలబెట్టేది కండరమే, దానికి బల్ల మీద పడుకుంటే బలం రాదు. ఆర్థోపెడిక్, న్యూరో సర్జన్ల దగ్గరికి నరం దెబ్బతింటున్న గుర్తులుంటే, ఎముక విరిగితే, లేదా కాలి నొప్పి వారాల తరబడి తగ్గకపోతే వెళ్లాలి. మీ స్థితిలో మొదటి మెట్టు ఫిజియో, లేదా వ్యాయామం నేర్పే కైరోప్రాక్టర్. బోర్డు మీది పేరు కంటే లోపల చేసేదే ముఖ్యం.

చేసేది చూసి గుర్తుపట్టడం ఎలా? మొదటిసారి వెళ్తే కనీసం అరగంట మాటలూ పరీక్షా ఉండాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పాత క్యాన్సర్, పడిపోవడం, వాడుతున్న మందులు, మలమూత్రాల సంగతి అడగాలి. మడమల మీదా మునివేళ్ల మీదా నడిపించాలి. కాలి బొటనవేలిని పైకెత్తమని, దాన్ని తన వేలితో కిందకి నొక్కి బలం చూడాలి. అది ఐదో నడుం నరం. మోకాలి కింద సుత్తితో తడితే నాలుగోది, మడమ వెనక తడితే త్రికం మొదటి నరం తెలుస్తాయి. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు మడవకుండా కాలు ఎత్తాలి. 30 నుంచి 70 డిగ్రీల మధ్య నొప్పి మోకాలి కిందకి పాకితే నరం మీద ఒత్తిడి అనుమానించాలి. తర్వాత ఏం చేయబోతున్నారో, ఏం ఇబ్బంది రావచ్చో, వేరే దారులేంటో చెప్పి మీ ఒప్పుకోలు తీసుకోవాలి. ఇవేవీ లేకుండా నేరుగా బల్ల ఎక్కించే చోట ఉండకండి.

24 సిట్టింగులు ముందే అమ్మడం మీద: మొదటి రోజే అన్నిటికీ డబ్బు కట్టకండి. రెండు మూడు వారాల్లో నాలుగు నుంచి ఆరుసార్లు చేయించుకుంటే పనిచేస్తుందో లేదో తేలిపోతుంది. మొదటి రోజు మూడు పనులు రాసుకోండి, ఉదాహరణకి ఎంతసేపు కూర్చోగలుగుతున్నారు, ఎంత దూరం నడవగలుగుతున్నారు, రాత్రి నొప్పితో ఎన్నిసార్లు లేస్తున్నారు. ఆరోసారికి ఈ మూడింటిలో స్పష్టమైన మార్పు లేకపోతే ఆపేయండి. ఇంకా చేస్తే లోపల సర్దుకుంటుందనే మాటకి ఆధారం లేదు. మార్పు ఉంటే సిట్టింగుల మధ్య ఎడం పెంచుతూ, ఆ చోటుని వ్యాయామంతో నింపండి. మళ్లీ మళ్లీ నొప్పి తిరగబెట్టేవాళ్లకి అప్పుడప్పుడూ వెళ్లడం గురించి ఒక మంచి ట్రయల్ ఉంది. 2018లో స్వీడన్‌లో 328 మంది మీద చేశారు, మొదటి చికిత్సకి బాగా స్పందించినవాళ్లనే తీసుకున్నారు. ముందే వేసుకున్న తేదీల ప్రకారం వెళ్లినవాళ్లకి, నొప్పి వచ్చినప్పుడే వెళ్లినవాళ్లకంటే ఏడాదిలో సుమారు 13 నొప్పి రోజులు తగ్గాయి, అదనంగా రెండుసార్ల లోపే వెళ్లారు. మొదటిసారే ఫలితం రానివాళ్లకి ఇది వర్తించదు.

ఆఖరుగా ఆ కాడా ఈక్వినా. మర్మాంగాల చుట్టూ, సైకిల్ సీటు తగిలే చోట మొద్దుబారడం, మూత్రం ఆగిపోవడం లేదా వచ్చిన సంగతి తెలియకపోవడం, మలం మీద పట్టు తప్పడం, రెండు కాళ్లకీ ఒకేసారి నొప్పీ బలహీనతా, పాదం వేలాడిపోవడం. ఇవి కనబడిన గంట నుంచే లెక్క మొదలవుతుంది. ఆ నరాల మీద ఒత్తిడి వెంటనే తీసేస్తేనే మూత్రం పట్టు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. అప్పుడు కైరో అపాయింట్‌మెంటూ ఫిజియో అపాయింట్‌మెంటూ రెండూ వదిలేసి, వెన్ను ఆపరేషన్ చేయగల ఆసుపత్రి అత్యవసర విభాగానికి అదే రోజు వెళ్లి, గుమ్మంలోనే "మూత్రం రావడం లేదు, కింద మొద్దుబారింది" అని ఈ మాటల్లోనే చెప్పండి. నడుం నొప్పి అని మాత్రం చెబితే వరసలో కూర్చోబెడతారు.